అమృతపాణి అరటి: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఇల్లూ, ఇంటి వెనక నాలుగు అరటి దుబ్బులూ ఉన్నవాళ్లకి చుట్టాల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మీ వైపు అసలైన అమృతపాణి ఇంకా దొరుకుతోందా?" దొరుకుతోంది, కానీ వెతుక్కోవాలి. ఆ తర్వాత వరసగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. తెగులు గురించీ పిలక గురించీ రాసినవి మాత్రం ఓపిగ్గా చదవండి. ఈ రకం బతకడమూ చావడమూ అక్కడే తేలుతుంది.

అసలు అమృతపాణి అంటే ఏ అరటి?

గోదావరి జిల్లాల్లో ఎప్పటి నుంచో ఉన్న పండు అరటి. శాస్త్రవేత్తలు దీన్ని 'సిల్క్' అనే గుంపులో చేరుస్తారు. మనం తినే అరటి రకాలు చాలావరకు రెండు అడవి జాతుల నుంచి వచ్చినవే: మ్యూసా అక్యుమినేటా, మ్యూసా బాల్బిసియానా. అమృతపాణిలో మొదటిదాని వాటా రెండు వంతులు, రెండోదాని వాటా ఒక వంతు. అందుకే పుస్తకాల్లో దీని పక్కన 'ఏఏబీ' అని రాసి ఉంటుంది. జన్యువులు ఇలా మూడు వంతులుగా ఉండడం వల్ల గింజ కట్టదు. గింజ లేదు కాబట్టి పిలకే దిక్కు. తాతగారి కాలంలో దొడ్లో ఉన్న చెట్టూ, దాని పిలక పిలక వరసన మీరు ఇవాళ నాటేదీ జన్యుపరంగా ఒకటే మొక్క. రుచి తరాల తరబడి మారకుండా ఉన్నది ఇందువల్లే. ఒక చెట్టుకి తగిలిన తెగులు అన్నిటికీ తగలడం కూడా ఇందువల్లే.

చెట్టుని చూసి గుర్తుపట్టొచ్చా?

పట్టొచ్చు. చెట్టు మరీ ఎత్తూ కాదు, పొట్టీ కాదు, ఎనిమిది నుంచి పది అడుగులు. కాండం పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, దాని మీద గోధుమరంగు మచ్చలు. ఆకు కాడ పైభాగంలో గాడిలా ఉంటుంది కదా, దాని అంచుల వెంట సన్నటి ఎర్రటి గీత కనిపిస్తుంది. గెల పెద్దదేం కాదు, బాగా పెంచితే 12 నుంచి 15 కిలోలు. గ్రాండ్ నైన్ అనే పెద్ద గెల రకాన్ని చూసిన కళ్లకి ఇది ఆనదు.

మరి పండుని?

తొక్క పల్చన. బాగా మగ్గాక మేలిమి పసుపు రంగు వస్తుంది. తొక్క తీసేటప్పుడు గమనించండి, తొనకి పీచు అంటుకోకుండా పట్టీ పట్టీగా ఊడి వచ్చేస్తుంది. లోపల గుజ్జు తెల్లగా ఉంటుంది, పసుపు ఛాయ ఉండదు. విరిస్తే పిండిపిండిగా కాకుండా మెత్తగా, ఒద్దికగా విరుగుతుంది. వాసన ముందు వస్తుంది, తీపి తర్వాత తెలుస్తుంది, చివర్లో నాలుక అంచుకి చిన్న పులుపు తగులుతుంది. ఆ వాసనలో కాస్త ఆపిల్ పోలిక ఉంటుంది. బ్రెజిల్లో ఈ గుంపు అరటిని ఆపిల్ అరటి అనే పిలుస్తారు.

ఒక హెచ్చరిక. సగం మగ్గిన అమృతపాణి తిని "ఇదేనా మీరు చెప్పింది" అనకండి. తొక్క పసుపుపచ్చగా ఉన్నా లోపల వగరు ఉంటుంది. తొక్క మీద అక్కడక్కడా నల్లటి చుక్కలు వచ్చేదాకా ఆగాలి.

బజార్లో అమృతపాణి అని అమ్మేది నిజంగా అదేనా?

చాలాసార్లు కాదు. పట్నాల్లో పసుపుపచ్చగా, పొట్టిగా కనిపించిన ప్రతి అరటినీ అమృతపాణి అనేస్తున్నారు. ఎక్కువగా ఆ పేరుతో చేతికొచ్చేది కర్పూరం, అంటే కర్పూర చక్కెరకేళి. అది కూడా మంచి పండే, మా వైపు ఎక్కువగా పండేదీ అదే. కానీ దాని తొక్క కాస్త మందం, పండు అంచుల్లో పలకలు తెలుస్తాయి, పులుపు ఎక్కువ. గెల నుంచి అంత తేలిగ్గా రాలదు. అమృతపాణి అత్తాన్ని మగ్గాక పైకెత్తి చూడండి, ఒకటో రెండో పండ్లు మెడ దగ్గర తెగి కింద పడతాయి. వ్యాపారికి అది తలనొప్పి, మనకి గుర్తింపు కార్డు.

చక్కెరకేళిలో ఏదైనా రకమా ఇది?

కాదు. తెల్ల చక్కెరకేళి పూర్తిగా వేరే కుటుంబం. అది 'ఏఏఏ', అంటే బాల్బిసియానా వాటా అందులో లేదు. మగ్గినా తొక్కలో ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది, పులుపు దాదాపు ఉండదు. నోములకీ తాంబూలాలకీ మా ఊళ్లలో ముందు అడిగేది తెల్ల చక్కెరకేళినే. పెరుగన్నంలోకి అయితే నా ఓటు అమృతపాణికే. ఇంట్లో దీని మీద తగాదాలున్నాయి, అవి ఇక్కడ వద్దు.

వేరే రాష్ట్రాల్లో దీన్ని ఏమంటారు?

తమిళనాడులో రస్తాలి. కర్ణాటకలో రసబాళె, అందులో నంజనగూడు రసబాళెకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బెంగాల్లో మర్తమాన్, బీహార్, అస్సాంలలో మాల్‌భోగ్. కేరళలో దీన్నే పూవన్ అంటారు. ఇక్కడే తికమక. తమిళనాడులో పూవన్ అంటే మన కర్పూరం. కాబట్టి సరిహద్దు దాటి పిలకలు తెచ్చుకునేవాళ్లు పేరు నమ్మకుండా పండు తిని చూసి తెచ్చుకోండి.

ఒకప్పుడు అంత ఉన్న రకం ఎందుకు తగ్గిపోయింది?

ప్రధాన కారణం పనామా తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం మట్టిలోంచి వేరులోకి, వేరులోంచి దుంపలోకి ఎక్కి, నీరు పైకి వెళ్లే నాళాలని మూసేస్తుంది. చుట్టూ బోదెల నిండా నీళ్లున్నా చెట్టు దాహంతో వాడిపోతుంది. ఈ శిలీంధ్రంలో రేసులనే ఉపరకాలున్నాయి, అందులో మొదటి రేసుకి అమృతపాణి తేలిగ్గా లొంగిపోతుంది. అదే రేసు లాటిన్ అమెరికాలో గ్రో మిషెల్ అనే అరటి తోటల్ని తుడిచిపెట్టింది. ఒకప్పుడు ఎగుమతి వ్యాపారమంతా ఆ రకం మీదే నడిచింది. 1960ల్లో దాని చోట్లోకి కావెండిష్ రకాలు (గ్రాండ్ నైన్ వీటిలోదే) వచ్చేశాయి, ఎందుకంటే అవి మొదటి రేసుకి తట్టుకుంటాయి. బ్రెజిల్లోని ఆపిల్ అరటినీ ఇదే తెగులు దెబ్బతీసింది. అంటే మన ఊళ్లో జరిగింది మన ఊరి కథ ఒక్కటే కాదు.

రెండో కారణం బజారు. పల్చటి తొక్క, రాలిపోయే పండు, చిన్న గెల, ఏడాది దాటే పంటకాలం. రావులపాలెం యార్డులో లారీకెక్కి వందల కిలోమీటర్లు వెళ్లాల్సిన సరుకుకి ఇవేవీ పనికొచ్చే గుణాలు కావు. కౌలుకి తీసుకున్న రైతు చేతిలో ఉన్నది కొద్ది కాలం, కట్టాల్సింది ఖచ్చితమైన కౌలు. ఆయన కర్పూరమో, కూర అరటి బొంతో, గ్రాండ్ నైనో వేస్తాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

మా చెట్టు ఆకులు పసుపుపచ్చగా అవుతున్నాయి. పనామాయేనా?

ఆకు పండిపోతే అన్నీ పనామా కావు. పొటాష్ తక్కువైనా, వేర్ల దగ్గర నీరు నిలిచిపోయినా ఆకు పసుపుపచ్చబడుతుంది. పనామాలో వరస చూడాలి. కింది ముదురాకులతో మొదలవుతుంది. అంచు నుంచి పసుపుపచ్చన ఈనె వైపు పాకుతుంది. తర్వాత కాడ కాండం దగ్గర విరిగి, ఆకులు చెట్టు చుట్టూ కిందికి వేలాడతాయి. కొన్ని చెట్లలో కాండం అడుగుభాగం నిలువుగా చీలుతుంది. నడినెత్తిన సుడి ఆకు మాత్రం కొన్నాళ్లు పచ్చగా నిలబడే ఉంటుంది, దాన్ని చూసి చాలామంది తేరుకుంటుందిలే అనుకుంటారు.

అనుమానం తీరాలంటే కొయ్యాలి. వాడిన చెట్టు కాండాన్ని అడ్డంగా నరికి చూడండి. ఆరోగ్యమైనదైతే లోపలి పొరలు తెల్లగా, మీగడ రంగులో ఉంటాయి. పనామా అయితే పైపొరల్లో ఎర్రటి, గోధుమరంగు చుక్కలు వలయంలా కనిపిస్తాయి. అదే కాండాన్ని నిలువుగా చీరితే ఆ చుక్కలే దారాల్లా దుంప వరకూ దిగి ఉంటాయి. దుంప కోస్తే ఎర్రటి గీతలు. వాసన కూడా చూడండి. కుళ్లు కంపు కొడుతూ దుంప మెత్తబడి ఉంటే అది దుంపకుళ్లు, వేరే జబ్బు. ఆకులు కురచై, నిటారుగా చెట్టు నెత్తిన గుత్తిలా గుమికూడితే అది వెర్రితల తెగులు. దాన్ని మోసుకొచ్చేది పేనుబంక.

కోసి చూసిన కత్తిని కడగకుండా పక్క చెట్టుకి వాడకండి. కాలికి అంటిన మట్టితో సహా ఈ తెగులు నడిచి వెళ్తుంది.

దీనికి మందు లేదా?

పట్టిన చెట్టుని బతికించే మందు లేదు. షాపులో ఎవరైనా సీసా చేతిలో పెట్టి గ్యారంటీ అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి. చేయగలిగింది అడ్డుకట్ట వేయడమే. తెగులు తగిలిన దుబ్బుని దుంపతో సహా తవ్వి అక్కడికక్కడే కాల్చేయాలి. ముక్కలు చేసి బోదెలో పడేయకూడదు. ఆ నీళ్లు పారే పొలాలన్నిటికీ మీరే తెగులు పంచినట్టు. ఆ గొయ్యిలో సున్నం చల్లి, చుట్టుపక్కల చెట్లకి విడిగా నీళ్లు పెట్టండి. ఒక చెట్టు దగ్గర నుంచి ఇంకో చెట్టు దగ్గరికి నీరు పారనివ్వొద్దు.

ఈ శిలీంధ్రం మొద్దుబారిన బీజాల రూపంలో మట్టిలో దశాబ్దాల పాటు ఉండగలదు. కాబట్టి వచ్చే ఏడు అదే గోతిలో మళ్లీ అమృతపాణి నాటడం అంటే పిలకని చేజేతులా చంపుకోవడమే.

సార్వా వరి వేసి, తర్వాత అరటి వేస్తే తెగులు పోతుందా?

తగ్గుతుంది. నిలవ నీటిలో గాలి అందక శిలీంధ్రం బలహీనపడుతుంది, అందుకే వరితో పంట మార్పిడి చేయమని ఎప్పటి నుంచో చెబుతారు. డెల్టాలో కాలవ నీళ్లుండడం మన అదృష్టం. కానీ పూర్తిగా పోతుందని ఎవరూ రాసివ్వలేరు. మధ్య అమెరికాలో పెద్ద పెద్ద తోటల్ని నెలల తరబడి నీట ముంచి మళ్లీ అరటి వేస్తే, కొన్నేళ్లలోనే తెగులు తిరిగొచ్చింది. ఒక్క సార్వా వేసి సరిపెట్టకండి, వరి ఎన్ని పంటలు వేస్తే అంత మంచిది. ఆ తర్వాత కూడా ముందు కర్పూరం వేసి చూడడం నయం.

టిష్యూ కల్చర్ మొక్క తెస్తే తెగులు రాదంటారు, నిజమేనా?

సగం నిజం. ప్రయోగశాలలో పెంచిన మొక్క తనతో తెగులు తీసుకురాదు. అంతవరకు పిలక కంటే మేలు. అయితే దానికి తెగుల్ని తట్టుకునే శక్తి అదనంగా ఏమీ రాదు, రకం అదే కదా. పైగా లేత వేర్లు, చుట్టూ సాయం చేసే సూక్ష్మజీవులు లేని మట్టి. తెగులున్న నేలలో పెడితే పిలక కంటే ముందే పడిపోవచ్చు. శుభ్రమైన నేల ఉంటేనే టిష్యూ కల్చర్‌కి డబ్బు పెట్టండి. కడియం నర్సరీల్లో కొనేటప్పుడు మొక్క ఏ ల్యాబు నుంచి వచ్చిందో, ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాటగా అమృతపాణి అన్నది గెల పడ్డాక ఇంకేదో అయిందన్న గొడవలు తరచూ వింటుంటాం.

లంక భూముల్లో బాగా వస్తుందా?

నేల మాటకొస్తే బంగారం. ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ విడిపోయిన దగ్గర నుంచి సముద్రం దాకా లంకల్లో ఏటా ఒండ్రు మేట వేస్తుంది. అరటికి కావాల్సింది అదే, నీరు ఇంకే మెత్తటి మట్టి. నల్లరేగడి పల్లంలో కంటే లంకలో వేరు హాయిగా పాకుతుంది.

చిక్కంతా వరదతోనే. జులై, ఆగస్టుల్లో గోదావరి లంక మీదికి వస్తే అరటి రోజుల తరబడి నీళ్లలో నిలబడలేదు. 1986 ఆగస్టు వరదని చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ లెక్కలోనే మాట్లాడతారు. 2022 జులైలోనూ లంకలు మునిగాయి. ఇంకో సంగతి, ఎగువ తోటల మట్టి ఎక్కడెక్కడిదో వరదతో వచ్చి పడుతుంది. తెగులు కూడా ఆ దారిన రావచ్చు. కాబట్టి లంకలో వేసేవాళ్లు వరద తీశాక అక్టోబరు, నవంబరు నెలల్లో నాటుతారు. తల్లి దుబ్బుల్ని మాత్రం మెరక మీద ఇంటి దొడ్లో ఉంచుకోవడమే క్షేమం.

పిలక ఎలా ఎంచుకోవాలి?

మొదటి ప్రశ్న పిలక ఎలా ఉందని కాదు, ఎక్కడిదని అడగాలి. తల్లి చెట్టుని మీ కళ్లతో చూడండి. వీలైతే గెలతో ఉన్నప్పుడు చూడండి. ఆ తోటలో వాడిన చెట్టు ఒక్కటి ఉన్నా, మీకు చూపించిన దుబ్బు ఎంత పచ్చగా ఉన్నా, దండం పెట్టి వచ్చేయండి. పైకి ఏ గుర్తూ లేని పిలకలో కూడా తెగులు దాగి ఉంటుంది. అమృతపాణి ఊరూరా పాకిందీ, ఊరూరా పోయిందీ ఇలా చేతులు మారిన పిలకలతోనే.

రూపం సంగతి తర్వాత. సన్నగా కత్తుల్లాంటి ఆకులతో, అడుగున లావుగా దుంప ఉన్నది కత్తి పిలక, అది కావాలి. చిన్నప్పుడే వెడల్పాటి ఆకులు వేసి ముద్దుగా కనిపించేది నీటి పిలక. దానికి దుంప బలం ఉండదు, వదిలేయండి. తవ్విన పిలక వేర్లన్నీ కోసేసి దుంప పైతొక్క పల్చగా చెక్కండి. లోపల తెల్లగా ఉండాలి. ఎక్కడైనా ఎర్ర చుక్క కనిపిస్తే పొయ్యిలోకే. శుభ్రంగా ఉన్నదాన్ని లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. పశువుల ఎరువులో వృద్ధి చేసిన ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం వేయాలనుకుంటే మంచిదే, కానీ ఆ మందుతో పాటు అదే రోజు వద్దు. మందు దాన్నీ చంపేస్తుంది. కొన్ని వారాలు ఆగి వేయండి.

దూరం ఎంత? ఎన్నాళ్లకి గెల కోస్తాం?

మొక్కకీ మొక్కకీ రెండు మీటర్లు. ఎకరానికి సుమారు వెయ్యి పడతాయి. నాటిన దగ్గర నుంచి కోతకి ఏడాది దాటి రెండు మూడు నెలలు పడుతుంది. గెల పడేదాకా పక్క పిలకల్ని కోసేస్తూ ఉండండి, తర్వాత ఒక్కటి మాత్రం ఉంచండి. ఆఖరి అత్తం విచ్చుకున్నాక కింద పువ్వు తుంచేయండి, కూరకి పనికొస్తుంది. సరుగుడు కర్రలు రెండు కత్తెరలా వేసి గెల వైపు నిలబెట్టండి. అక్టోబరు, నవంబరు తుపానులకి కర్ర లేని చెట్టు మిగలదు. గెలకి ఎండ నేరుగా తగలకుండా ఎండాకు కప్పండి. పల్చటి తొక్క కదా, ఎండకి మాడిపోయి రంగు సరిగా రాదు.

పండ్లు చెట్టు మీదే పగులుతున్నాయి. ఎందుకు?

నీరు ఎక్కువ తక్కువ కావడం వల్ల. కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారి తోడితే లోపలి గుజ్జు ఉబ్బుతుంది, తొక్క ఆ వేగానికి సాగదు. గెల ముదిరే నెలల్లో నీరు సమంగా పెట్టండి. ముదిరిపోయేదాకా చెట్టు మీద ఉంచినా ఇంతే. కాయ పలకలు తగ్గి గుండ్రబడుతున్నప్పుడే కొయ్యాలి, పూర్తిగా గుండ్రబడేదాకా కాదు.

పండులో గట్టి గడ్డ తగిలింది, పురుగా?

పురుగు కాదు. గుజ్జులో కొంత భాగం మెత్తబడకుండా గట్టిగా ఉండిపోవడం ఈ రకానికున్న పాత లోపం. ఆ ముక్క తీసేసి మిగతాది తినండి.

ఇంట్లో ఎలా మగ్గబెట్టాలి?

గెలని అత్తాలుగా కోసి, సొన కారిపోయేదాకా బోర్లించి, ఎండు అరటాకులో చుట్టి గోనెసంచిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టండి. పక్కన ఒక మగ్గిన పండు ఉంచితే పని తొందరగా అవుతుంది. దాన్నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు మిగతావాటిని మగ్గిస్తుంది. పాతకాలంలో గదిలో పొగబెట్టి మగ్గేసిందీ ఆ సూత్రంతోనే, పొగలో ఎథిలీన్ ఉంటుంది. కార్బైడ్ జోలికి వెళ్లకండి, మన దేశంలో పండ్లకి దాని వాడకం నిషేధం. ఫ్రిజ్‌లో పచ్చివి పెడితే తొక్క నల్లబడుతుంది, లోపల మాత్రం మగ్గదు.

కాయ కూరకి పనికొస్తుందా?

పనికిరాదనే చెబుతాను. బొంత ఉండగా దీన్ని వండడం దండగ. కాండం నడుమ ఉండే ఊచ మాత్రం పెసరపప్పు వేసి కూర చేసుకోవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ఇది తీపి పండే, నాటు రకం కదా అని చక్కెర తక్కువ ఉండదు. ఎంత తినాలో మీ డాక్టర్ని అడగండి.

ఇప్పుడు కొత్తగా ఏదో రేసు వచ్చిందంటున్నారు?

అది ఉష్ణమండల రేసు 4. కావెండిష్ రకాల్ని కూడా పడగొడుతుంది. మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో బయటపడింది. అందుకే అటు నుంచి అరటి మొక్కలు, దుంపలు తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నారు. గ్రాండ్ నైన్ వేసినవాళ్లకీ ఇక నిశ్చింత లేదు.

అమృతపాణి పూర్తిగా అంతరించిపోతుందా?

ఆ టెన్షన్ అక్కర్లేదు. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రంలో దేశంలోని అరటి రకాల్ని సేకరించి పెంచుతున్నారు. బెల్జియంలోని లూవెన్‌లో ప్రపంచ అరటి రకాల్ని గాజు గొట్టాల్లో భద్రపరుస్తున్నారు. మన కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం కూడా అరటి మీద పనిచేస్తోంది. రకం ఎక్కడో ఒకచోట ఉంటుంది. గాజు గొట్టంలో ఉన్నది పెరుగన్నంలోకి రాదు, అదొక్కటే ఇబ్బంది. దొడ్లో రెండు మూడు దుబ్బులు ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. ఎకరాల్లో వేయమని మాత్రం నేనెవరికీ సలహా ఇవ్వను.

పిలకలు మీరిస్తారా? కొరియర్ చేస్తారా?

దొరికినప్పుడు ఇస్తాను, కొరియర్ చెయ్యను. వచ్చి తల్లి దుబ్బు చూసి, మీరే తవ్వుకుని వెళ్లండి. చెప్పులు గట్టు మీదే విడిచి రావాలి, మీ పలుగు, కత్తి తేవద్దు, నావి వాడండి. ఇంటికెళ్లాక దుంప చెక్కినప్పుడు ఎర్ర చుక్క కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, నా దుబ్బుని నేను తవ్వేసుకోవాలి. అత్తయ్యలూ పిన్నులూ, మీకూ ఇదే రూలు.